సెల్ ఫోన్ రేడియేషన్: తెరమీది అంకె చెప్పేదెంత?

న్యూఢిల్లీ: చేతిలోని సెల్ ఫోన్‌పై *#07# అని నొక్కితే, మన దేశంలో అమ్ముడైన ఫోన్లలో చాలావాటి తెరమీద రెండు అంకెలు ప్రత్యక్షమవుతాయి. ఒకటి తలకు సంబంధించినది. రెండవది శరీరానికి సంబంధించినది. రెండింటి పక్కనా కిలోకు ఇన్ని వాట్లు అని వుంటుంది. ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్యను చూపించే *#06# సంగతి ఫోన్ పోగొట్టుకుని పోలీసు స్టేషన్ మెట్లెక్కిన ప్రతివారికీ తెలుసు. దాని పొరుగునే వున్న ఈ సంకేతం గురించి తెలిసినవారు తక్కువ. తెలిసినవారిలోనూ ఆ అంకెకు అర్థమేమిటో ఎరిగినవారు మరీ తక్కువ.

0.9 చూపించే ఫోన్ కంటే 0.3 చూపించే ఫోన్ మూడు రెట్లు సురక్షితమన్న నమ్మకంతో కొనుక్కొచ్చేవారున్నారు. కాలనీలో టవరు వద్దంటూ ధర్నాకు దిగేవారూ వున్నారు. పైకి రెండూ సమంజసంగానే కనిపిస్తాయి. అయితే ఫోన్ నుంచి వాస్తవంగా ఎంత రేడియో శక్తి వెలువడుతున్నదన్న ప్రశ్నను కొంచెం లోతుగా పరిశీలిస్తే, మొదటి జాగ్రత్త వల్ల ఒరిగేది అంతంతమాత్రమేననీ, రెండవది కొన్ని సందర్భాలలో ఎదురు ఫలితమిస్తుందనీ తేలుతుంది.

తెరమీద కనిపించే ఆ అంకె పేరు ఎస్.ఎ.ఆర్. తెలుగులో 'విశిష్ట శోషణ రేటు' అనవచ్చు. పాఠశాల భౌతికశాస్త్రంలో చదువుకున్న విశిష్టోష్ణంలో వున్న 'విశిష్ట' శబ్దమే ఇది. రేడియో తరంగాల ప్రభావానికి లోనైన శరీర ధాతువులో ఒక్కొక్క కిలో ఎంత వేగంతో శక్తిని పీల్చుకుంటున్నదో అది చెబుతుంది. అంటే అది ఫోన్ వెదజల్లే మొత్తం శక్తి కాదు. అందులో మనిషి శరీరంలోకి ఇంకే భాగం, అదీ అత్యధికంగా ఇంకే చోట లెక్కగట్టినది.

పంచదార నీటితో కృత్రిమ శిరస్సు

సజీవమైన మనిషి తలలో కొలత పరికరం దూర్చడం సాధ్యం కాదు గనుక ప్రయోగశాలల్లో ఒక కృత్రిమ శిరస్సును వాడతారు. దీనికి 'శామ్' అని పేరు. అమెరికా సైన్యంలో జరిగిన శరీర కొలతల సర్వే ఆధారంగా, 1989లో వెలువడిన గణాంకాల నుంచి దీని పరిమాణాన్ని నిర్ణయించారు. సగటు సైనికుని తల కాదు, నూటికి తొంభైమంది తలల కన్నా పెద్దదైన తల కొలతలు తీసుకున్నారు. దీని లోపలి భాగాన్ని ద్రవంతో నింపుతారు. రేడియో తరంగాలకు మెదడు ఎలా స్పందిస్తుందో ఈ ద్రవం కూడా అలాగే స్పందించాలి. నీరు, పంచదార, ఉప్పు తగు పాళ్లలో కలిపితే 900 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ గుణం వస్తుంది. తొలినాళ్లలో ప్రయోగశాలలు వాడిన ద్రవంలో ముఖ్య దినుసులు ఇవే. వంటింటి సరుకులతో మెదడు తయారు చేశారన్నమాట.

ఈ బొమ్మ చెంపకు ఫోన్‌ను ఆనించి, గరిష్ఠ శక్తితో ప్రసారం చేసేలా దానిని ఆదేశిస్తారు. ద్రవంలోకి దిగిన సన్నని కొలత కడ్డీని రోబో చేయి అంగుళం అంగుళం కదుపుతూ ఒక్కొక్క బిందువు వద్ద విద్యుత్ క్షేత్రాన్ని నమోదు చేస్తుంది. క్షేత్రబలం, ద్రవం విద్యుద్వాహకత్వం, దాని సాంద్రత తెలిస్తే ఎస్.ఎ.ఆర్. లెక్క వస్తుంది. కుడి చెవి, ఎడమ చెవి. చెంపకు పూర్తిగా ఆనించి ఒకసారి, 15 డిగ్రీలు వంచి మరొకసారి. ప్రతి ఫ్రీక్వెన్సీ శ్రేణిలోనూ కింది, మధ్య, పై చానెళ్లు. ఇలా అనేక కొలతలు తీసుకున్నాక అన్నింటిలోకీ ఎక్కువగా వచ్చిన అంకెను మాత్రమే ప్రకటిస్తారు.

ఇక్కడే అసలు విషయం వుంది. తెరమీది అంకె అన్నివిధాలా అననుకూలమైన పరిస్థితిలో ఒక నమూనా ఫోన్ చేరుకున్న గరిష్ఠ స్థాయి. ఈ క్షణంలో మీ చెవి దగ్గర జరుగుతున్నది అది కాదు. కారుపై ముద్రించిన గరిష్ఠ వేగాన్ని చూసి, ఆ కారు ప్రస్తుతం ఎంత వేగంతో వెళుతోందో చెప్పలేము. ఇదీ అంతే.

1.6 ఎలా వచ్చింది?

మన దేశంలో తొలి సెల్ ఫోన్ సంభాషణ 1995 జులై 31న జరిగింది. కలకత్తా నుంచి అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీలోని కేంద్ర కమ్యూనికేషన్ల మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. అప్పటికి రెండేళ్ల క్రితమే, 1993 జనవరిలో, తన భార్య మెదడులో కణితికి సెల్ ఫోనే కారణమని ఒక వ్యక్తి అమెరికాలో టీవీ కార్యక్రమంలో ఆరోపించగా సెల్ ఫోన్ కంపెనీల షేర్లు పడిపోయాయి. మన గడప తొక్కక ముందే సెల్ ఫోన్ వెంట ఈ సందేహం కూడా బయలుదేరిందని గమనించాలి. అమెరికా ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 1996లో ఒక గ్రాము ధాతువుపై సగటున కిలోకు 1.6 వాట్ల పరిమితిని నిర్ణయించింది. ఐరోపా దేశాలు పది గ్రాములపై సగటున 2 వాట్లను ఆమోదించాయి.

1.6కూ 2కూ తేడా స్వల్పమేగదా అనిపిస్తుంది. అయితే శక్తి ఒకేచోట కేంద్రీకృతమైనప్పుడు ఒక గ్రాము ఘనంలో కనిపించే శిఖరం, పది గ్రాములపై సగటు తీయగానే చదునవుతుంది. అందువల్ల రెండు నిబంధనల మధ్య వాస్తవమైన అంతరం అంకెల్లో కనిపించే దానికంటే ఎక్కువ. ఒకే ఫోన్‌కు ఐరోపాలో ఒక అంకె, ఇండియాలో మరొక అంకె వుండడానికి కారణం కూడా ఇదే. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చడం పొరపాటు.

ఈ 1.6 ఆకాశం నుంచి ఊడిపడలేదు. ప్రయోగశాలల్లో జంతువులపై జరిపిన పరీక్షల్లో, మొత్తం శరీరంపై కిలోకు 4 వాట్ల స్థాయి వద్ద శరీర ఉష్ణోగ్రత సుమారు ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగి ప్రవర్తనలో మార్పు కనిపించింది. అందులో పదో వంతు, 0.4 వాట్లను, వృత్తిరీత్యా రేడియో పరికరాల వద్ద పనిచేసేవారికి పరిమితిగా పెట్టారు. సాధారణ ప్రజలకు దానిని మరో అయిదో వంతుకు తగ్గించి 0.08గా నిర్ణయించారు. శరీరంలో ఏదో ఒక్కచోట మాత్రమే పడే శక్తికి దీనికి ఇరవై రెట్లు అనుమతించారు. అదే 1.6. కనుక 1.5 ఫోన్ క్షేమం, 1.7 ఫోన్ విషం అన్న విభజన ఈ శాస్త్రంలో లేదు. చట్టానికి గీత గీయక తప్పదు గనుక గీశారు.

మన ప్రభుత్వం 2008లో అంతర్జాతీయ సంస్థ ఐ.సి.ఎన్.ఐ.ఆర్.పి. మార్గదర్శక సూత్రాలను ఆమోదించింది. ప్రజల్లో ఆందోళన పెరగడంతో 2010 ఆగస్టులో వివిధ మంత్రిత్వ శాఖల ప్రతినిధులతో ఒక సంఘాన్ని నియమించింది. 2011 జనవరిలో ఆ సంఘం నివేదిక సమర్పించగా, 2012 సెప్టెంబరు 1 నుంచి ఒక గ్రాముపై 1.6 వాట్ల పరిమితి అమలులోకి వచ్చింది. పాత పరిమితికి లోబడి తయారైన ఫోన్ల అమ్మకానికి 2013 ఆగస్టు 31 వరకు గడువిచ్చారు. ఐ.ఎం.ఇ.ఐ. లాగే ఎస్.ఎ.ఆర్. అంకె కూడా ఫోన్ తెరమీదనే కనిపించాలన్న నియమం ఆనాటిదే. టవర్ల విషయంలోనూ అదే తేదీ నుంచి పరిమితిని అంతర్జాతీయ స్థాయిలో పదో వంతుకు కుదించారు. 900 మెగాహెర్ట్జ్ వద్ద చదరపు మీటరుకు 4.5 వాట్లు వున్నది 0.45 వాట్లయింది.

తనిఖీ మాటేమిటి?

అంకెను ప్రకటించేది తయారీదారు. ధ్రువీకరించేది ఎవరన్న సందేహం సహజం. టెలికమ్యూనికేషన్ల శాఖకు చెందిన టెలికమ్యూనికేషన్ ఇంజనీరింగ్ సెంటర్‌కు ఢిల్లీ జనపథ్‌లో ఎస్.ఎ.ఆర్. ప్రయోగశాల వుంది. అయితే నమూనాను తయారీదారే పరీక్ష చేయించి ప్రకటించడం ఒక ఎత్తు, దుకాణంలో అమ్మకానికి వున్న ఫోన్‌ను ప్రభుత్వమే కొని పరీక్షించడం మరొక ఎత్తు. రెండవ పనిలో ఫ్రాన్సు చాలా ముందున్నది. అక్కడ ఫోన్ ధర పక్కనే ఎస్.ఎ.ఆర్.ను ప్రదర్శించాలి. ఎ.ఎన్.ఎఫ్.ఆర్. అనే ఫ్రీక్వెన్సీల నియంత్రణ సంస్థ మార్కెట్ నుంచి ఫోన్లను సేకరించి పరీక్షించి, ఫలితాలను బహిరంగపరుస్తుంది.

ఆ సంస్థ 2023 సెప్టెంబరు 12న ఐఫోన్ 12 అమ్మకాలను నిలిపివేయవలసిందిగా ఆదేశించి సంచలనం కలిగించింది. ఫోన్‌ను చేతికి ఆనించిన స్థితిలో జరిపే పరీక్షలో కిలోకు 4 వాట్లు మించకూడదని ఐరోపా నిబంధన. ఐఫోన్ 12 విషయంలో 5.74 వచ్చింది. శరీర మధ్యభాగానికి సంబంధించిన పరీక్షలో మాత్రం అది నెగ్గింది. అప్పటికి ఆ ఫోన్ మార్కెట్‌లోకి వచ్చి సుమారు మూడేళ్లయిందన్నది గమనార్హం.

యాపిల్ సంస్థ ఇచ్చిన వివరణ ఆసక్తికరమైనది. ఫోన్ తాను మనిషి శరీరానికి దూరంగా, బల్లవంటి కదలని వస్తువుపై వున్నట్టు గ్రహించినప్పుడు ప్రసార శక్తిని కొద్దిగా పెంచుకునే ఏర్పాటు అందులో వుంది. ఫ్రెంచి పరీక్ష విధానం ఈ ఏర్పాటును లెక్కలోకి తీసుకోలేదని ఆ సంస్థ వాదించింది. అంటే ప్రయోగశాలలో కదలకుండా బిగించిన ఫోన్, తాను బల్లమీద వున్నాననుకున్నది. ఏమైనా ఫ్రాన్సులో వాడుకలో వున్న ఫోన్లకు సాఫ్ట్‌వేర్ సవరణ విడుదల చేశారు. వివాదం సద్దుమణిగింది. అయితే దీనివల్ల ఒక సంగతి బయటపడింది. నేటి ఫోన్ ఎస్.ఎ.ఆర్. లోహంతో, ప్లాస్టిక్‌తో పోతపోసిన స్థిరమైన గుణం కాదు. సాఫ్ట్‌వేర్ మారితే అంకె కూడా మారుతుంది.

టవరు దూరమైతే ఫోన్ అరుస్తుంది

సెల్ ఫోన్ టవరుతో మాట్లాడడానికి అవసరమైనంత శక్తినే వాడుతుంది. ఎంత శక్తితో ప్రసారం చేయాలో టవరు క్షణక్షణం దానికి ఆజ్ఞాపిస్తుంది. 3జి వ్యవస్థలో ఈ ఆజ్ఞలు సెకనుకు 1500 సార్లు వెళతాయి. బ్యాటరీ ఆదా కావడం, ఒక ఫోన్ మాట మరొకదానికి అడ్డు రాకుండా చూడడం దీని ఉద్దేశ్యాలు. ఆరోగ్యం కోసం పెట్టినది కాకపోయినా ఫలితం ఆరోగ్యానికీ వర్తిస్తుంది.

900 మెగాహెర్ట్జ్‌పై పనిచేసే 2జి ఫోన్ గరిష్ఠంగా 2 వాట్ల శక్తితో ప్రసారం చేస్తుంది. ఎనిమిది వంతుల కాలంలో ఒక వంతు మాత్రమే ప్రసారం జరుగుతుంది గనుక సగటు పావు వాటు. టవరు చెంతనే వున్నప్పుడు ఆ 2 వాట్లు సుమారు 3 మిల్లీవాట్లకు తగ్గగలవు. 4జి ఫోన్ గరిష్ఠ శక్తి సాధారణంగా 200 మిల్లీవాట్లు. కనిష్ఠ స్థాయి అందులో పది లక్షో వంతు కంటే కూడా తక్కువ. ఇంత విస్తారమైన హెచ్చుతగ్గుల ముందు 0.9కీ 0.3కీ మధ్య తేడా ఎంత?

ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చు. మొదటి ఫోన్ ఎస్.ఎ.ఆర్. 1.2 అనుకుందాం. దాని యజమాని టవరుకు దగ్గరలో వున్నాడు. ఫోన్ గరిష్ఠ శక్తిలో నూరో వంతుతో పనిచేస్తున్నది. అతని తలకు అందేది 0.012. రెండవ ఫోన్ 0.5 మాత్రమే. దాని యజమాని సిగ్నల్ సరిగా అందని భవనం నేలమాళిగలో నిలబడి మాట్లాడుతున్నాడు. ఫోన్ పూర్తి శక్తితో పనిచేస్తున్నది. అతనికి అందేది 0.5. ఏరికోరి తక్కువ అంకె వున్న ఫోన్ కొనుక్కున్నవాడికే నలభై రెట్లు ఎక్కువ అందుతున్నదన్నమాట.

టవర్లపై వ్యతిరేకతను కూడా ఈ వెలుగులోనే చూడాలి. రాజస్థాన్ హైకోర్టు 2012 నవంబరులో పాఠశాలలు, ఆసుపత్రుల ఆవరణల్లోని టవర్ల తొలగింపునకు ఆదేశించింది. గ్వాలియర్‌లో తన అనారోగ్యానికి పొరుగింటి డాబాపై వున్న టవరు కారణమని ఇళ్లలో పనిచేసుకునే ఒక వ్యక్తి ఫిర్యాదు చేయగా, 2017లో సుప్రీంకోర్టు ఆ టవరును ఆపివేయించింది. ఆందోళన వట్టిదేనని ఈసడించడం తగదు. నివాస గృహాలపై అనుమతులు లేకుండా టవర్లు వెలసిన ఉదంతాలు వున్నాయి. అయితే దూరం లెక్క కూడా ఒకసారి చూడాలి. అన్నివైపులకూ వెయ్యి వాట్లు చిమ్మే ప్రసారిణి వుందనుకుందాం. 100 మీటర్ల దూరంలో చదరపు మీటరుకు పడేది సుమారు 8 మిల్లీవాట్లు. 2012లో కుదించిన పరిమితి 900 మెగాహెర్ట్జ్ వద్ద 450 మిల్లీవాట్లు. మరోపక్క ఫోన్ తలకు ఆనుకునే వుంటుంది. టవరును ఊరిబయటికి తరలిస్తే ఆ 8 మిల్లీవాట్లు తగ్గే మాట నిజమే. కాని దానిని అందుకోవడానికి కాలనీలోని ప్రతి ఫోనూ గొంతు పెంచుతుంది, అదీ చెవి పక్కనే.

సిగ్నల్ కోసం కొండ గట్టుమీదికి ఎక్కి ఫోన్ పట్టుకుని నిలబడవలసివచ్చే ఏజెన్సీ గ్రామాలలో ఈ విషయం ఎవరికీ పట్టినట్టు కనిపించదు. రేడియేషన్ గురించిన చర్చ అంతా టవర్లు దట్టంగా వున్న నగరాలలోనే జరగడం ఒక విచిత్రం.

జబ్బుల సంగతి

రేడియో తరంగాలకు ఎక్స్ కిరణాల మాదిరిగా అణువుల బంధాలను తెంచేటంత శక్తి లేదు. అవి చేయగలదని నిర్ధారణ అయినది ధాతువును వేడెక్కించడం మాత్రమే. పరిమితిలోపు పనిచేసే ఫోన్ వల్ల మెదడు వేడెక్కేది డిగ్రీలో పదో వంతు స్థాయిలోనే. దీర్ఘకాలంలో మరేదైనా ప్రభావం వుందా అన్న ప్రశ్నపై 13 దేశాలలో జరిగిన 'ఇంటర్‌ఫోన్' అధ్యయనం ఫలితాలు 2010లో వచ్చాయి. మొత్తం మీద ముప్పు పెరిగినట్టు కనిపించలేదు. అత్యధికంగా మాట్లాడిన వర్గంలో మాత్రం అనుమానానికి తావిచ్చే అంకెలు వచ్చాయి. అవి పక్షపాత దోషం వల్ల కూడా కావచ్చునని అధ్యయనకర్తలే పేర్కొన్నారు.

2011 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధమైన క్యాన్సర్ పరిశోధన సంస్థ రేడియో తరంగాలను '2బి' వర్గంలో చేర్చింది. క్యాన్సర్ కారకం కావచ్చునేమోనన్న అనుమానపు వర్గమది. ఈ వార్త మన పత్రికల్లో పతాక శీర్షికలకెక్కింది. అదే వర్గంలో తూర్పు ఆసియా దేశాల సంప్రదాయ ఊరగాయ కూరలు కూడా వున్నాయన్న సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు. (మన ఆవకాయ అందులో లేదు లెండి.) అనంతరం ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరికపై జరిగిన అధ్యయనాల సమీక్ష 2024లో వెలువడింది. సెల్ ఫోన్ వాడకానికీ మెదడు క్యాన్సర్‌కూ సంబంధం కనిపించలేదని ఆ సమీక్ష తేల్చింది. పదేళ్లు, అంతకు మించి వాడినవారి విషయంలోనూ అదే ఫలితం. పిల్లల విషయంలో వాదోపవాదాలు సాగుతూనే వున్నాయి. పెద్ద సైనికుని తల కొలతలతో చేసిన బొమ్మ పసివాడి తలకు ప్రాతినిధ్యం వహించదని విమర్శకులు అంటారు. పెద్ద తల తీసుకోవడం వల్ల అంకె ఎక్కువే వస్తుంది గాని తగ్గదని ప్రమాణాల రూపకర్తలు సమాధానమిస్తారు.

బిళ్లలు, మీటర్లు

భయం వున్నచోట బేరం వుంటుంది. ఫోన్ వెనుక అతికించుకుంటే రేడియేషన్ హరిస్తుందనే బిళ్లలు బజారులో దొరుకుతున్నాయి. ఇటువంటి కవచాలు అమ్మిన రెండు కంపెనీలపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2002లో తప్పుడు ప్రచారం ఆరోపణతో చర్య తీసుకుంది. అవి యాంటెన్నాకు అడ్డుపడితే ఫోన్ మరింత శక్తి వాడవలసివస్తుందని కూడా హెచ్చరించింది. మన దేశంలో 2020 అక్టోబరులో రాష్ట్రీయ కామధేను ఆయోగ్ చైర్మన్ ఆవుపేడతో చేసిన చిప్‌ను ఆవిష్కరించి, అది రేడియేషన్‌ను తగ్గిస్తుందని ప్రకటించారు. ఆధారాలు చూపాలని వందలాది శాస్త్రజ్ఞులు లేఖ రాశారు.

చౌకగా దొరికే చేతి మీటర్లు కూడా ఫోన్ విషయంలో పనికివచ్చేవి కావు. అవి దూరం నుంచి వచ్చే తరంగాల సాంద్రతను అంచనా కట్టేవి. చెవికి ఆనిన ఫోన్ చుట్టూ వుండే సమీప క్షేత్రం అంత సులభంగా కొలతకు లొంగదు. ఇంటి దగ్గరి టవరుపై అనుమానం వుంటే మాత్రం దారి వుంది. కేంద్ర ప్రభుత్వం 2017 మేలో ప్రారంభించిన 'తరంగ్ సంచార్' వెబ్‌సైటు ద్వారా కొలత కోరవచ్చునని అప్పట్లో ప్రకటించారు. అందుకు రుసుము 4,000 రూపాయలుగా నిర్ణయించారు.

ఫోన్ సంగతి తెలుసుకోవడానికి రుసుము అక్కరలేదు. *#07# పనిచేయని ఐఫోన్లలో సెట్టింగ్స్, జనరల్, లీగల్ అండ్ రెగ్యులేటరీ అనే వరుసలో వెళితే రేడియో శక్తి వివరాలు కనిపిస్తాయి. ఆండ్రాయిడ్ ఫోన్లలో సిమ్ స్టేటస్ అనే చోట సిగ్నల్ బలం డి.బి.ఎం.లలో, రుణ సంఖ్యగా వుంటుంది. మైనస్ 70 వుంటే టవరు చక్కగా వినబడుతున్నట్టు. మైనస్ 110కి దిగితే ఫోన్ గట్టిగా అరుస్తున్నట్టు లెక్క. లిఫ్టులో, కదిలే రైలులో, నేలమాళిగలో ఈ అంకె ఎలా దిగజారుతుందో ఎవరైనా చూడవచ్చు. అటువంటి చోట సుదీర్ఘ సంభాషణ వాయిదా వేసుకోవడం, లేదా ఇయర్ ఫోన్ తగిలించుకుని ఫోన్‌ను కొన్ని అంగుళాలు దూరం జరపడం, ఫోన్ మార్చడం కంటే ఎక్కువ ఫలితమిస్తుంది. దూరం రెట్టింపయితే తీవ్రత దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది.

ఇది కూడా పరోక్షమైన ఊహే. ఏ క్షణంలో ఎంత శక్తి వెలువరిస్తున్నదో ఫోన్ లోపలి చిప్‌కు కచ్చితంగా తెలుసు. టవరు ఆజ్ఞ అందుకుని ఆ శక్తిని నిర్ణయించేది అదే. ఆ అంకెను వాడకందారుకు చూపాలన్న షరతు మాత్రం 2012 నాటి ఉత్తర్వులలో లేదు.